కరుణశ్రీ గుంపుతో వెళ్ళలేదు

ఎవడిచ్చాడు ఆ తేదీ? షామియానా కింద ముందు వరసలో, ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న లిదియమ్మకు ఎదురుగా కట్టిన ఫ్లెక్సీ తప్ప మరేదీ కనబడటం లేదు. దాని మీద కూతురు కరుణశ్రీ నవ్వుతోంది. పైన నీలం అక్షరాల్లో ‘ప్రభువునందు నిద్రించిన’ అని రాశారు, కింద పుట్టిన తేదీ, దాని పక్కన చిన్న గీత, గీత తర్వాత ఇంకో తేదీ. పుట్టిన తేదీ సరే, కన్నది తానే కాబట్టి తెలుసు. ఆ రెండోది ఎవరికి తెలుసు? ఆ దేశం పోలీసులకు తెలియదు, ఢిల్లీలో ఆఫీసర్లకు తెలియదు, కొండ మీదికి పోయిన పిల్ల ఏమైందో ఈ భూమ్మీద ఒక్క మనిషికీ తెలియదు గానీ, ఆత్మకూరు బస్టాండు దగ్గర ఫ్లెక్సీలు వేసేవాడికి మాత్రం తెలిసిపోయింది! తేదీ లేకపోతే డిజైన్ కుదరదన్నాడంట, బావగారి కొడుకు సుధీర్ కాస్త ఆలోచించి, కరుణ చివరిసారి ఇంటికి ఫోన్ చేసిన రోజు వేయించాడంట. గీత తర్వాత ఖాళీగా వదిలేస్తే బాగుండదంట. బాగుండటానికి ఇదేమన్నా వాడి పెళ్ళి కార్డా? ఆ కార్డు కూడా అదే షాపులో ఇచ్చుంటాడు, ఒకే తడవ పోయి రెండు పనులూ చక్కబెట్టుకుని వచ్చుంటాడు.

పాట అయిపోయింది. సండే స్కూలు పిల్లలు గంజీరలు పక్కన పెట్టి జంపఖానా మీద చతికిలబడ్డారు. పక్క కుర్చీలో తోటికోడలు రెబెకమ్మ చేతిరుమాలు కళ్ళకద్దుకుంటూనే, బిర్యానీ గుండిగ మూత అప్పుడే తీయొద్దని వంటవాళ్ళకు కనుసైగ చేస్తోంది. ఒక కంటితో ఏడుపు, ఒక కంటితో వడ్డన, ఎంత నేర్పు! ఈ కూడికల వరస లిదియమ్మకు కొత్త కాదు. ఉదయగిరిలో, మర్రిపాడులో, అనంతసాగరంలో ఎన్ని ఆదరణ కూడికలకు తాను తెల్లచీర కట్టుకుని వెళ్ళలేదు! ముందు పాట, తర్వాత ప్రార్థన, తర్వాత పాస్టరు గారి వాక్యం, ఆ తర్వాత పోయినవాళ్ళ దగ్గరి మనిషి ఎవరో ఒకరు లేచి మైకు పట్టుకుని ఆఖరి గడియల గురించి చెప్పాలి, ఎట్లా పోయారో, పోయేముందు ఏమన్నారో, దేవుడు తమను ఎట్లా ఓదార్చాడో. దాన్నే సాక్ష్యం అంటారు. అది అయ్యాక ముగింపు ప్రార్థన, అందరూ ఆమెన్ అనడం, విస్తళ్ళు. ఆ నాలుగు మాటలు చెప్పేస్తేనే మనిషి పోయినట్టు లెక్క, ఆ తర్వాత వీధిలో ఎవరూ ఏమీ అడగరు. ఇవాళ ఆ మాటలు తాను చెప్పాలి. కన్నతల్లి నోటితోనే చెప్పించాలి, అందుకే కదా పొద్దున్నే ఉదయగిరికి కారు పంపించి మరీ ఆత్మకూరుకు, బావగారింటికి పిలిపించారు! ఏ ఆఖరి గడియలు చెప్పాలి? ఏ రాయి పక్కన పడిందో, ఏ నీళ్ళలో జారిందో, ఏ వెధవ చేతికి చిక్కిందో, ఎవర్ని పిలిచి అరిచిందో, తనకేం తెలుసని చెప్పాలి?

చేతులు ఊరికే ఉండటం లేదు. ఒళ్ళో పని లేకుండా ఇంతసేపు కూర్చోవడం ఆమెకు ఎప్పుడూ చేతకాదు. ఇంట్లో అయితే ఈపాటికి ఒక చేతిలో నర్ది చెక్కతో సగం చేసిన గరిటె, ఒక చేతిలో ఆకురాయి ఉండేవి, ఒళ్ళంతా చెక్కపొట్టు రాలుతూ ఉండేది. కరుణ కూడా అట్లాగే పెరిగింది, బడి నుంచి రాగానే గరుకు కాగితం పట్టుకుని స్పూన్లు నున్నగా రుద్దుతూ, రుద్దడం మానేసి దుర్గం కొండ వైపు నోరు తెరుచుకుని చూస్తూ. “కొండవతల ఏముండాది మా?” అనేది. “ఇంకో కొండ ఉండాది, గమ్మున రుద్దు” అనేది తాను. ఒకరోజు బడి ఎగ్గొట్టి ఒక్కతే దుర్గం ఎక్కేసి, పొద్దుగూకే వేళకు మోకాళ్ళు కొట్టుకుపోయి, గౌను నిండా పల్లేరుకాయలతో దిగివచ్చింది. వీపు చిట్లగొట్టింది తాను. దెబ్బలు తింటూనే అది, “నువ్వు చెప్పింది నిజమే మా, అవతల ఇంకో కొండే ఉండాది” అని మెరిసే కళ్ళతో చెప్పింది. కొట్టడం ఆపి తాను అన్నం పెట్టింది. మళ్ళీ వారం అది మళ్ళీ ఎక్కింది. అట్లాంటి పిల్ల, చదువుకుని బెంగళూరులో ఉద్యోగం తెచ్చుకుని, సెలవు దొరికినప్పుడల్లా వీపున సంచీ తగిలించుకుని ఒకసారి సిక్కిం అని, ఒకసారి నేపాల్ అని తిరిగితే ఆశ్చర్యం ఏముంది? ఫ్లెక్సీ మీద ఆ సంచీ పట్టీ కనబడకుండా ఫొటో కత్తిరించారు, భుజం దగ్గర కాస్త ముక్క మిగిలిపోయింది. అంత సిగ్గేంది వీళ్ళకు ఆ సంచీ అంటే?

సిగ్గే. మొదలంతా అక్కడే. పోయినేడు కరుణ కిర్గిజ్‌స్థాన్ వెళ్తానన్నప్పుడు, ఆ పేరు పలకడానికే లిదియమ్మకు రెండు రోజులు పట్టింది, పట్టినా నేర్చుకుంది. బావగారు దయాసాగర్‌కు ఇవాళ్టికీ రాలేదు. హెడ్మాస్టరుగా రిటైరయ్యాడు, సంఘంలో పెద్ద, ఇంగ్లీషులో మాట్లాడితే నెల్లూరు నుంచి వచ్చిన దొరలు కూడా తలూపుతారంట, ఆయన మాత్రం ఈరోజుకీ ‘ఆ ఉజ్బెకిస్థాన్’ అనే అంటాడు, అన్న ప్రతిసారీ లిదియమ్మకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. పేరు రాకపోయినా ఫర్వాలేదు, ఆయనకు అడ్డొచ్చింది అది కాదు. పెళ్ళి కావాల్సిన పిల్ల ఒక్కతే పరాయి దేశంలో కొండలెక్కుతోందని తెలిస్తే నలుగురూ ఏమంటారు? అందుకని ఎవర్నీ అడక్కుండా ఆదివారం ఆరాధనలో లేచి నిలబడి, “మా తమ్ముడి బిడ్డ సువార్త టీముతో విదేశాలకు పోతా ఉండాది, అందరూ ప్రార్థన చేయండి” అని ప్రకటించేశాడు. గుడిలో చప్పట్లు. ముసలివాళ్ళు లిదియమ్మ తల మీద చేతులు పెట్టి ధన్యురాలివమ్మా అన్నారు. ఆ సంగతి ఫోన్లో చెబితే కరుణ పగలబడి నవ్వింది. “పెదనాయనకు చెప్పు మా, నా టీములో మెంబరూ నేనే, లీడరూ నేనే అని.” తానూ నవ్వింది అప్పుడు. ఎవరికి తెలుసు, ఆ ముచ్చటే పిల్ల మెడకు ఉరితాడవుతుందని?

పాస్టరు గారు వాక్యం మొదలుపెట్టారు. మంచి గొంతు ఆయనది, ఎవరికీ ఏమీ అర్థం కాకపోయినా కళ్ళు చెమర్చే గొంతు. ఈ లోకంలో మనమంతా యాత్రికులం అంటున్నారు. కాదయ్యగారూ, మీరు యాత్రికులు కారు, ఆత్మకూరు దాటితే నెల్లూరు, నెల్లూరు దాటితే మీటింగులకు గుంటూరు, అంతే. ఆ పేరు దానికి ఇవ్వండి, అది నడిచింది. ఆ రోజు కూడా నడవడానికే బయలుదేరింది. కొండ కింద పల్లెలో ఒక ఆడమనిషి తన ఇంట్లోనే గదులు అద్దెకు ఇస్తుందంట, అక్కడ దిగింది. పైన ఒక సరస్సు ఉందంట, పొద్దున పోయి సాయంత్రానికి తిరిగి వస్తానని చెప్పి పోయింది. రాలేదు. మర్నాడు కూడా రాలేదు. అప్పుడా ఇంటావిడ, కరుణ రాసిచ్చిన నెంబరు చూసి లిదియమ్మకు ఫోన్ చేసింది.

ఆ ఫోన్! ఆ ఫోన్ తలుచుకుంటే ఇప్పుడు కూడా గోళ్ళు అరచేతిలోకి దిగబడతాయి. తానే తీసింది. ఇంగ్లీషు బొత్తిగా రానిదేం కాదు తనకు. హైదరాబాదులో, ఢిల్లీలో ఎగ్జిబిషన్లకు పోయి స్టాలు పెట్టుకుని, హ్యాండ్‌మేడ్ మేడమ్, నో మెషిన్, గుడ్ ఫర్ రైస్ అని తెల్లవాళ్ళకు గరిటెలు అమ్మిన మనిషి. ఆ ఆడమనిషి ఇంగ్లీషు కూడా అదే రకం, విరిగిన ముక్కలే. ఇంకొక్క నిమిషం ఓపిక పడితే ఇద్దరూ ఒకరికొకరు అందేవాళ్ళే. కానీ ఆ రోజు ఏదో పని మీద బావగారు ఉదయగిరికి వచ్చి నట్టింట్లో కూర్చుని ఉన్నాడు. ఆ ఇంట్లో ఇంగ్లీషు ఫోనూ, ఇంగ్లీషు కాగితమూ ఏది వచ్చినా ముందు ఆయన చేతికే పోవాలి, అది ఇంటి పద్ధతి, తాను కాపురానికి వచ్చిన రోజు నుంచీ అంతే. “ఇట్టా తే, నీకేం తెలస్తాది” అని చెయ్యి చాపాడు. ఇచ్చింది. అటు ఆడమనిషి తర్వాత ఇంకెవరో మగగొంతు వచ్చింది, పోలీసు. ఈయన నిలబడి, బొజ్జ మీద చొక్కా సర్దుకుని, బడి పిల్లలకు పాఠం చెప్పినట్టు గట్టిగా మాట్లాడాడు. గ్రూప్ అన్నాడు, చర్చ్ అన్నాడు, డోంట్ వర్రీ అన్నాడు. ఎవరు ఎవరికి చెప్పే డోంట్ వర్రీ అది? ఫోన్ పెట్టేసి, “ఏం లేదు, అడ్రస్ కనుక్కుంటా ఉండారు, రెండ్రోజుల్లో వచ్చేస్తాది” అన్నాడు. తాను నమ్మింది. కాఫీ పెట్టి ఇచ్చింది కూడాను!

ఆ ఫోన్లో ఏం చెప్పాడో తెలియడానికి ఏడాది పట్టింది. బెంగళూరులో కరుణతో పనిచేసిన మోహన్‌కృష్ణ అనే అబ్బాయి, రక్తసంబంధం లేని పిల్లవాడు, అదే పనిగా ఎంబసీ వాళ్ళకు రాసీ రాసీ, విసిగించీ విసిగించీ ఒక జవాబు రాబట్టాడు. పోయిన వారం ఉదయగిరికి వచ్చి, వాకిట్లో చెక్కపొట్టు మీదే కూర్చుని, తలెత్తకుండా చెప్పాడు. “ఆంటీ, కరుణ ఒంటరిగా లేదని, చర్చి గ్రూపుతో ఉందని ఇంట్లోవాళ్ళే చెప్పారంట. గ్రూపుతో ఉంటే కనుమ దాటి అవతలి లోయలోకి వెళ్ళుంటుందని వాళ్ళు అవతలే వెతికారంట. గ్రూపు కోసం టూర్ ఆఫీసులన్నీ తిరిగారంట. ఆ తర్వాత మంచు పడిందంట.” లేని గుంపు కోసం వెతికారు. ఉన్న పిల్ల కోసం వెతకలేదు. సరస్సుకు పోయే దారిలో, ఇవతలి వైపు, ఏ కాలు విరిగో, ఏ లోయలో పడో, మంచు పడేదాకా బిడ్డ ఎదురు చూసిందేమో. అమ్మా అన్నదో, దేవుడా అన్నదో. బతికే ఉందని లిదియమ్మ అనడం లేదు, అంత పిచ్చిది కాదు. కానీ వెతకాల్సిన చోట వెతక్కుండా చచ్చిపోయిందనడానికి ఎవరికి నోరొచ్చింది? ఆ దేశం రికార్డులో ఇప్పటికీ ఆ మాటే ఉందంట, గుంపుతో వెళ్ళింది అని. అది తప్పు అని ఇంటివాళ్ళు చెబితే మంచు కరిగి ఉన్న ఈ నెలలోనే ఇవతలి వైపు మళ్ళీ వెతుకుతారంట, చెప్పకపోతే లేదంట. బయటి మనిషి మాట పనికిరాదన్నారంట మోహన్‌కృష్ణతో.

అదే సాయంత్రం బస్సెక్కి ఆత్మకూరు వచ్చింది తాను. బావగారు హాల్లో పెళ్ళి శుభలేఖలకు పసుపు బదులు రోజా రంగు అంచు పెట్టాలా వద్దా అని చూసుకుంటున్నాడు.

“బావగారూ, ఆ రోజు ఫోన్లో ఏం చెప్పినారు మీరు?”

“ఏం చెప్పినాను? ఇంటి పరువు కాపాడినాను. వయసొచ్చిన ఆడపిల్ల ఒక్కతే తిరగతా ఉండాదని పోలీసోళ్ళకు చెప్పమంటావా?”

“చెప్తే ఏమయ్యేది? వాళ్ళేమన్నా మన ఆత్మకూరొచ్చి చాటింపు వేస్తారా?”

“ఇప్పుడు మాట మారిస్తే మన మీదే అనుమానం వస్తాది లిదియా. సంఘంలో నా మొఖం ఏంగాను? సుధీర్ పెళ్ళి కానీ, అప్పుడు చూద్దాం. ముందు ఆ బిడ్డకు కూడిక పెట్టేద్దాం, ఆత్మ శాంతిస్తాది.”

ఎవరి ఆత్మ? ఇంట్లో ఇట్లాంటిది తేలకుండా వేలాడుతుంటే నెల్లూరు వియ్యాలవారు ఊరికే అడుగుతున్నారంట, పిల్ల ఎవరితోనన్నా పోయిందా అని. పోయిందనిపించుకోవడం కంటే చచ్చిందనిపించుకోవడం మేలు వీళ్ళకు. పెళ్ళి ముహూర్తానికి ముందే చావు ముహూర్తం కుదిర్చారు. ఛీ.

ఇక ఈ మహానుభావుడు. లిదియమ్మ కళ్ళు మగవాళ్ళ వరసలోకి పోయాయి. మొగుడు మాలకొండయ్య తన అన్న దయాసాగర్ పక్కన తల వంచుకుని కూర్చున్నాడు. బద్వేలు ఘాట్‌లో లోడు లారీని ఒంటిచేత్తో మలుపు తిప్పుతాడు, ఎదురొచ్చినవాణ్ణి అమ్మనా బూతులు తిడతాడు, అన్న ముందుకొస్తే మాత్రం బడికి ఆలస్యంగా వచ్చిన పిల్లాడు. అన్న చదివించాడంట, అన్న పెళ్ళి చేశాడంట. అడిగేస్తాను చూడు అని మొన్న బయలుదేరి వచ్చాడు, కాఫీ తాగి తిరిగొచ్చాడు. “అన్నకు తెలీదా మే, ఏది ఎప్పుడు చేయాల్నో” అన్నాడు. నీ బిడ్డయ్యా అది! నీ భుజాల మీద ఎక్కి తిరిగిన పిల్ల. నాయనా నాయనా అని లారీ హారన్ కొట్టించుకునేది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆ హారన్ నీ నోట్లోంచి రాకూడదా? కోపం ఎంతగా పొంగిందంటే ఏడుపు రావాల్సిన చోట కూడా కోపమే వచ్చింది, కళ్ళు పొడిగా మండుతున్నాయి. ఏడవడం లేదని వెనక వరసలో ఆడవాళ్ళు గుసగుసలాడటం వినబడుతూనే ఉంది. అనుకోనీ.

కరుణకు గది అద్దెకిచ్చిన ఆ ఆడమనిషి నెంబరు ఫోన్లోనే ఉంది, ఆమెకు చెబితే అక్కడి పోలీసులకు చేరుతుంది. వారం నుంచీ తీసి చూస్తోంది, పెట్టేస్తోంది. తనే చేయొచ్చు, ఎందుకు చేయలేదంటే, అబద్ధం చెప్పిన నోటితోనే నిజం చెప్పించాలని పంతం. ఆయన ఇంగ్లీషుకే కదా విలువ! ఆ ఇంగ్లీషుతోనే చెప్పాలి, షీ వాజ్ అలోన్ అని. మూడు ముక్కలు. ఆ మూడు ముక్కలకు ఇంత పెద్ద షామియానా అడ్డమేశాడు.

“ఇప్పుడు మన సహోదరి లిదియమ్మగారు, తల్లిగా, ఆ బిడ్డ ఆఖరి గడియల గురించి, దేవుడు ఇచ్చిన ఆదరణ గురించి సాక్ష్యమిస్తారు” అన్నారు పాస్టరు గారు.

దయాసాగరే స్వయంగా మైకు తీసుకుని వచ్చాడు. చేతికిస్తూ వంగి, “దేవుడి చిత్తం అని ఒక మాట చెప్పి కూచో, చాలు” అన్నాడు మెల్లగా. మైకు బరువుగా ఉంది. లేచి నిలబడింది. ఇంతమంది మొహాలు, అన్నీ జాలి మొహాలే, ఈ జాలి అయిపోతే అన్నం తింటారు, తప్పు వాళ్ళది కాదు.

“నా బిడ్డ ఆఖరి గడియలు నాకు తెలియవు” అంది. గొంతు తనది కానట్టు నాలుగు వైపుల నుంచీ వినబడింది. “అది సువార్త టీముతో పోలేదు. కొండలు చూడను పోయింది, ఒక్కతే పోయింది. గుంపుతో పోయిందని మా బావగారు అక్కడి పోలీసోళ్ళకు అబద్ధం చెప్పినారు. అందుకని నా బిడ్డను ఎతకాల్సిన చోట ఎవరూ ఎతకలేదు.”

“ఏందమ్మా ఇది, పిచ్చి పట్టిందా?” దయాసాగర్ గొంతు మైకు లేకుండానే అందరికీ వినబడింది. “రేయ్ మాలకొండయ్యా, తీసకపోరా నీ పెళ్ళాన్ని!”

మాలకొండయ్య లేచాడు. అన్న వైపు చూశాడు. ఫ్లెక్సీ వైపు చూశాడు. మళ్ళీ కూర్చున్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఏమీ చేయకపోవడం ఒకసారైనా పనికొచ్చింది.

లిదియమ్మ ఫోన్ తీసి నెంబరు నొక్కింది, స్పీకర్ పెట్టి మైకు దగ్గరకు చేర్చింది. షామియానా అంతా రింగు మోగుతోంది. పాస్టరు గారు చెయ్యి సగం ఎత్తి అక్కడే ఆపేశారు. రెబెకమ్మ చేతిరుమాలు కింద పడింది.

“హలో?” అంది అటువైపు ఆడగొంతు. “హలో, ఇండియా?”

“చెప్పండి బావగారూ. ఆ రోజు చెప్పినంత గట్టిగా చెప్పండి.”

దయాసాగర్ ఒక అడుగు వెనక్కి వేశాడు. లిదియమ్మ ఆగలేదు, ఇంక ఆగడానికి ఓపిక లేదు, తప్పో ఒప్పో స్టాలు ముందు నిలబడి మాట్లాడినట్టే మాట్లాడింది. “ఐ మదర్. కరుణ మదర్. మై గర్ల్ నో గ్రూప్. నో చర్చ్ గ్రూప్. మై గర్ల్ అలోన్.”



“ఐ నో, మదర్” అంది ఆవిడ. “ఐ నో అలోన్. ఐ టెల్ పోలీస్. మెనీ టైమ్ ఐ టెల్. పోలీస్ సే, ఫ్యామిలీ నో బెటర్.”

ఒక్కో ముక్కా లిదియమ్మకు అర్థమైంది. ఎవరి చేతికీ ఫోన్ ఇవ్వకుండానే అర్థమైంది. జనం వైపు తిరిగింది.

“ఆమెకు తెలుసంట. ఒక్కతే పోయిందని పోలీసోళ్ళకు ఎన్నోసార్లు చెప్పిందంట. నీకంటే ఇంటోళ్ళకు బాగా తెలుసు గదా అని ఆమె నోరు మూసినారంట.”

“లైన్లోనే ఉండమ్మా, పెట్టేయబాక” అని ఆ కొండల్లోని ఆడమనిషికి తెలుగులోనే చెప్పి, నాలుగు అడుగులు వేసి వెళ్ళి, మైకూ ఫోనూ రెండూ కలిపి దయాసాగర్ నోటి ముందు పెట్టింది.

“ఈ సాక్ష్యం నాది కాదు బావగారూ, మీది. చెప్పండి.”